బ్రెజిల్ యాదగిరి

పరశురాం నోటికి జడిసి నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఇరానీ హోటల్ వాళ్లు ఆయన కప్పులో మలాయి కాస్త ఎక్కువే వేసేవారు. చాయ్ పలచగా ఉంటే ఊరుకునే రకం కాదు ఆయన. హోటల్ యజమానినే కాదు, ఆ హోటల్ పెట్టిన తాతను కూడా కలుపుకొని నాలుగు మాటలనేవాడు. ఉద్యోగం చేసినంతకాలం రైల్వే ఫుట్‌బాల్ జట్టుకు సెంటర్ హాఫ్‌గా, వెనక నిలబడి గోలు పడకుండా ఆపేవాడిగా, ఆడాడు. "మోకాళ్లు అరిగినయి గానీ నాలిక అరగలే" అనేది ఆయన భార్య శంకరమ్మ.

ఈ కాలం ఆటగాళ్లెవరూ పరశురాం కంటికి ఆనరు. జుట్టు దువ్వుకోవడం మీద ఉన్న ధ్యాస బంతి ఆపడం మీద లేదంటాడు. హైదరాబాదులో ఫుట్‌బాల్ ఎప్పుడో చచ్చిందనీ, పెద్దకర్మ భోజనాలు కూడా అయిపోయాయనీ అంటాడు. అన్న మనిషే తెల్లారకముందే లేచి, బూట్లు కట్టుకొని, అబిడ్స్‌లోని ఒక పాత స్కూలు గ్రౌండుకు పోయి 'రాజేందర్ రాయల్స్' అనే జట్టుకు కోచింగ్ ఇచ్చేవాడు.

పేరులోనే ఉంది, ఆ జట్టు రాజేందర్‌ది. అబిడ్స్ మెయిన్ రోడ్డు మీద అతనికి పెద్ద రెడీమేడ్ బట్టల షోరూం ఉంది. కార్పొరేటర్ టికెట్ మీద కన్ను ఉంది. బోనాలకు చందాలిచ్చాడు, కంటి శిబిరాలు పెట్టించాడు, అయినా పార్టీ ఫ్లెక్సీల్లో అతని ఫోటో పోస్టల్ స్టాంపంత సైజు దాటలేదు. ఫుట్‌బాల్ జట్టు పెడితే కుర్రాళ్లు వెంట తిరుగుతారని ఎవరో చెవిలో వేశారు. పెట్టేశాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

ఒక పొద్దున గ్రౌండు గేటు దగ్గర అతని కారు ఆగింది. ముందు రాజేందర్ దిగాడు, వెనక తలుపు తీసుకొని ఒక ఆఫ్రికా మనిషి దిగాడు. పొడగరి. భుజానికి పాత కిట్ బ్యాగు. ముప్పై దాటిన ముఖం.

"పరశురామన్నా, ఏం తెచ్చిన్నో చూడు!" అన్నాడు రాజేందర్, దసరా ఆఫర్ ప్రకటిస్తున్నట్టు. "బ్రెజిల్ ప్లేయర్! సెంటర్ ఫార్వర్డ్!"

పరశురాం ఆ మనిషిని కింది నుంచి పైకి చూశాడు. మీది ఏ ఊరని ఇంగ్లీషులో అడిగాడు.

"కుమాసి. ఘనా దేశం. నా పేరు యావ్ బోటెంగ్" అన్నాడతను. తమ వైపు గురువారం పుట్టిన మగపిల్లవాడిని యావ్ అంటారని కూడా చెప్పాడు.

పరశురాం రాజేందర్ వైపు తిరిగాడు. "బ్రెజిల్ అంటివి కదా?"

"అన్నా, ఘనా అంటే గీడ ఎవనికి ఎరుక? బ్రెజిల్ అంటే చిన్న పోరనికి గూడ తెలుసు. ఫ్లెక్సీలు ఆర్డరిచ్చేసిన. నువ్వు జర సప్పుడు చెయ్యకుండా ముందట ఆడిపియ్యి, గోల్స్ కొట్టిపియ్యి, గంతే."

ఊరందరి మీదా లేచే పరశురాం నోరు అప్పుడు లేవలేదు. రాజేందర్ ఇచ్చే జీతానికి ఆశపడి కాదు, ఆయన పెన్షన్ ఆయనకుంది. ఈ జట్టు కూడా చేజారితే పొద్దున్నే బూట్లు కట్టుకొని పోవడానికి ఇంకో గ్రౌండు లేదు. ఆ భయం ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా మింగి, ఆ కోపమంతా కొత్తవాడి మీద తీర్చుకున్నాడు.

తీర్చుకోవడానికి కారణాలకు కొదవ లేదు. గోలు ముందు యావ్ పనికిరాడు. బంతి కాళ్ల దగ్గరికొస్తే ఆలోచిస్తాడు. ఆలోచించేలోపు ఎవడో ఒకడు తన్నుకుపోతాడు. తన్నితే బంతి పోస్టు మీది నుంచి పోయి స్కూలు వంటగది రేకుల మీద పడుతుంది. "గోల్ పోస్టును చూసి సిగ్గువడుతున్నవా? పెండ్లి చూపులా ఇయి?" అని పరశురాం అరిచేవాడు. అర్థం కాకపోయినా యావ్ తలూపేవాడు.

లీగు మ్యాచ్‌లు మొదలయ్యాయి. అబిడ్స్ సర్కిల్ నుంచి కోఠి దాకా కరెంటు స్తంభాలకు పసుపు జెర్సీలో యావ్ ఫోటో, పక్కన అంతకు రెండింతలు పెద్దగా రాజేందర్ ఫోటో. 'బ్రెజిల్ పులి మన గడ్డపై' అని రాశారు. సుల్తాన్ బజార్ నుంచి, మల్లేపల్లి నుంచి జనం వచ్చారు. మొదట చప్పట్లు కొట్టారు. రెండో మ్యాచ్ నాటికి ఈలలేశారు, మూడో మ్యాచ్‌కి బూతులు. ఆ పులి ఒక్క గోలూ కొట్టలేదు. జట్టు మాత్రం ఎలాగో గెలుస్తూ వచ్చింది. కొట్టేది జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే బబ్లూ. పొట్టివాడు, ఉడుతలా ఉరుకుతాడు.

జట్టు ఎందుకు ఓడిపోవడం లేదో గ్రౌండులో ఒక్క పరశురాంకే తెలుసు. బంతి అవతలివాళ్లకు చిక్కగానే యావ్ తన చోటు వదిలేసి వెనక్కి వచ్చేవాడు. ఎవరూ రమ్మనేవారు కాదు. చెరువు కట్ట తెగిన చప్పుడు విన్న నీరటి కావలిమనిషిలా తనంతట తనే పరుగెత్తుకొచ్చేవాడు. ఎదుటివాడి కాలికి తగలకుండా బంతిని మాత్రమే తీసుకునేవాడు. తీసుకుని పక్కవాడికి నెమ్మదిగా ఇచ్చేసి మళ్లీ ముందుకు పోయేవాడు, తిట్లు తినడానికి. సెంటర్ హాఫ్‌ను మరో సెంటర్ హాఫ్ గుర్తుపట్టకుండా ఉంటాడా? మొదటి మ్యాచ్‌లోనే గుర్తుపట్టాడు. పట్టి, నోరు మూసుకున్నాడు.

శ్రావణమాసం అమ్మకాలు మొదలయ్యాక ఒక సాయంత్రం పరశురాం అబిడ్స్ మీదుగా ఇంటికి పోతున్నాడు. రాజేందర్ షోరూం ముందు గుంపు కనిపించింది. అద్దాల అవతల చీరలు కట్టిన బొమ్మలున్నాయి. ఇవతల పసుపు జెర్సీ వేసుకొని యావ్ నిలబడి ఉన్నాడు. చంకలో బంతి. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పక్కన నిలబడి సెల్ఫీ దిగుతున్నారు. ఒకావిడ తన పిల్లవాడిని ఎత్తి అతని చేతికిచ్చింది. ఇంకొకడు, సినిమా హీరోలా గడ్డం పెంచినవాడు, "బ్రెజిల్ డాన్స్ చెయ్యమనుర్రి!" అని కేకేశాడు. నవ్వులు. షోరూం మేనేజరు భానుతేజ స్పీకర్లో పాట పెట్టాడు.

యావ్ నడుము రెండుసార్లు అటూ ఇటూ ఊపాడు. ముఖం మాత్రం అద్దాల వెనక బొమ్మల ముఖాల్లాగే ఉంది.

పరశురాం గుంపును తోసుకుంటూ పోయి అతని మణికట్టు పట్టుకున్నాడు. "నడువ్. చాయ్ తాగుదాం."

"కోచ్ సాబ్, ఇంకో గంట ఉంది సార్..." అని భానుతేజ అడ్డొచ్చాడు.

"గంట నువ్వు ఊపు. నీకు గూడ నడుముంది గదా?"

ఇరానీ హోటల్లో మూలబల్ల దగ్గర కూర్చున్నారు. యావ్ ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుని తిన్నాడు. తర్వాత తన కథ తనే మొదలుపెట్టాడు, ఇంగ్లీషులో, మధ్యమధ్య వచ్చీరాని హిందీలో.

కుమాసిలో వాళ్ల నాన్న లారీలకు బాడీలు కడతాడు. ఊళ్లో బాగా ఆడే కుర్రాళ్లందరికీ యూరప్ కల. యావ్‌కు యూరప్ నుంచి ఎవరూ రాలేదు, ఒక ఏజెంటు వచ్చాడు. ఆసియాలో నీకోసం ఎదురుచూస్తున్నారని చెప్పి వియత్నాం తీసుకుపోయాడు. అక్కడ ఒక హోటల్లో దింపి, సిగరెట్ కొనుక్కొస్తానని బయటికిపోయి మళ్లీ రాలేదు. అక్కడి నుంచి తెలిసినవాళ్ల సాయంతో థాయిలాండ్ చేరాడు. కింది డివిజన్ క్లబ్బు ఒకటి తీసుకుంది. అక్కడి ముసలి కోచ్ అతన్ని ఒక్కపూట చూసి, నీ చోటు వెనక అని చెప్పి సెంటర్ హాఫ్‌లో పెట్టాడు.

"నేను ఫుట్‌బాల్ ఆడింది అక్కడొక్కచోటే. ఆ క్లబ్బు మూతపడింది. ఆ తర్వాత ఢాకా, తర్వాత నేపాల్, తర్వాత కేరళ. ఎక్కడికి పోయినా ముందుకు పో, గోల్ కొట్టు అన్నారు. ఆఫ్రికావాణ్ని గోల్ కొట్టడానికే తెచ్చుకుంటారు, ఆపడానికి ఎవరూ తెచ్చుకోరు. ఢాకాలో నైజీరియావాడినన్నారు. కేరళలో సూడాన్ అన్నారు. ఇక్కడ బ్రెజిల్. నా దేశం పేరు నా పాస్‌పోర్టులో తప్ప ఎక్కడా లేదు."

"మరి నీకు నోరు లేదా? చెప్పొద్దా?" అన్నాడు పరశురాం. గొంతులో ఎప్పటి వెటకారమే.

యావ్ కప్పు కింద పెట్టాడు. "మీరు చెప్పారా కోచ్? మొదటి మ్యాచ్‌లోనే మీకు తెలిసిపోయింది. మీకు తెలిసిందని నాకూ తెలిసింది. అరవడానికి మాత్రం మీకు నోరుంది."

నాంపల్లిలో ఎవరూ పరశురాంను అలా అనలేదు. అనబోయినవాళ్లను అననివ్వలేదు. ఇప్పుడు ఆయన బిస్కెట్ల సాసరు అతని వైపు జరిపాడు. "బిస్కెట్టు ఇంకోటి తిను" అన్నాడు.

ఆ రోజు అతన్ని రాజేందర్ పెట్టిన లాడ్జికి పోనివ్వకుండా ఇంటికి తీసుకుపోయాడు. శంకరమ్మ మక్కగట్క వండి, పక్కన చేపల పులుసు పెట్టింది. ఈ పరదేశి ఏం తింటాడో ఏమో అని ఆమె చెంచా కోసం వెతుకుతుంటే, యావ్ చేతులు కడుక్కొచ్చి గట్కను మూడు వేళ్లతో ముద్దచేసి, బొటనవేలితో గుంటపెట్టి, పులుసులో అద్ది మింగాడు. కళ్లు మూసుకున్నాడు. మా అమ్మ కూడా మొక్కజొన్న పిండితో ఇలాగే వండుతుందని, పేరు వేరని చెప్పాడు.

"ఏమంటుండయ్యా?" అని అడిగింది శంకరమ్మ.

"ఆల్లింట్ల గూడ గట్కనేనట."

"గట్లనా! మరి దూరపోడు ఎట్లయితడు? పేరేంది?"

"యావ్."

"గదేం పేరు, పిల్లిని పిలిచినట్టు. యాదగిరి అంటా నేను." ఆ రోజు నుంచి వీధంతటికీ అతను యాదగిరే అయ్యాడు.

ఎదురింటి రిటైర్డు గుమస్తా మాత్రం మర్నాడు గోడ మీది నుంచి తొంగిచూసి, ఆఫ్రికావాళ్లను ఇంట్లోకి రానిస్తే ఏమవుతుందో పేపర్లో చదవడం లేదా అని అడిగాడు. పరశురాం పళ్లు తోముకుంటూనే జవాబిచ్చాడు. "సందు దాటి జరంత దూరం పోతే ఏసీ గార్డ్స్ వస్తది. గా పేరు ఎందుకొచ్చింది ఎరుకేనా? ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, ఆఫ్రికా గుర్రపు సిపాయిలు గాడ ఉండేది, నిజాం కాలంల. నీ తాత ఈ పట్నం సూడకముందే ఆల్ల తాతలు గీడ ఉన్నరు. పేపర్ల గిది రాయలేదా?" గుమస్తా తల గోడ వెనక్కి దిగిపోయింది.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. ఎదుటిది సికింద్రాబాద్ జట్టు. దాని కోచ్ విశ్వనాథ్ ఒకప్పుడు రైల్వేలో పరశురాంతో కలిసి ఆడినవాడే. రాజేందర్ షామియానా వేయించి, సోఫాలు తెప్పించి, ఎమ్మెల్యేను తీసుకొచ్చాడు. జట్టు మైదానంలోకి దిగింది. బబ్లూ ముందున్నాడు. యావ్ వెనక, నడిమధ్య, పరశురాం ఒకప్పుడు నిలబడిన చోట నిలబడ్డాడు.

మొదటి సగమంతా సికింద్రాబాద్ వాళ్లు గోలు దగ్గరికి రాలేకపోయారు. వచ్చిన ప్రతి బంతీ యావ్ తలకో కాలికో తగిలి తిరిగిపోయింది. అరవకుండా, చేత్తో చూపిస్తూ పక్కవాళ్లను సర్దుతున్నాడు. నిన్నటిదాకా తలో దిక్కు ఉరికిన కుర్రాళ్లు ఒక జట్టులా కనిపించారు. షామియానా కింద ఎమ్మెల్యే ఫోన్లో ఉన్నాడు.

విరామంలో రాజేందర్ తెల్లబూట్లకు మట్టి అంటుతున్నా చూసుకోకుండా ఉరుకుతూ వచ్చాడు. "ఏందన్నా ఇది? బ్రెజిలోడు ఎనక నిలవడ్డడేంది? ఎమ్మెల్యే సాబ్ అడుగుతుండు, నీ పులి ఏడుందని!"

"పులి గాడనే ఉండాలె. అందుకే ఇంకా గోల్ పడలే."

"నాకు గదంతా తెల్వది. ముందటికి పంపు. ఆడు గోల్ కొట్టాలె, నేను దండ ఎయ్యాలె, ఫోటో పడాలె. టీమ్ నాది."

"టీమ్ నీదే. పేరు నీదే, ఫ్లెక్సీ నీదే, సోఫా నీదే. ఆట నీది గాదు రాజేందర్. నీకు తెల్వని ముచ్చట్ల నోరు పెట్టకు. పో, పోయి సోఫాల కూసో."

కుర్రాళ్లు నీళ్లు తాగడం మాని చూస్తున్నారు. రాజేందర్ ముఖం కందగడ్డయింది. "రేపటి నుంచి నీకు గ్రౌండు లేదు, యాదికుంచుకో" అన్నాడు.

ఇన్నాళ్లూ పరశురాం భయపడింది ఈ మాటకే. తీరా చెవిన పడ్డాక, ఇంతోటిదానికా జడిసింది అనిపించింది. "రేపటి సంగతి గదా. ఇయ్యాల ఇంకో సగం ఉంది" అని వెనక్కి తిరిగాడు.

ఆట ముగియబోతుండగా సికింద్రాబాద్ ఫార్వర్డ్ ఒకడు ఒంటరిగా దూసుకొచ్చాడు. యావ్ పరుగెత్తలేదు. వాడిని పక్కకు పక్కకు నడిపించుకుపోయి, మైదానం అంచు గీత దగ్గర బంతిని మెల్లగా తీసేసుకున్నాడు. తలెత్తి చూశాడు. అవతల బబ్లూ అప్పటికే ఉరకడం మొదలుపెట్టాడు. మైదానం సగం దాటేలా యావ్ ఇచ్చిన బంతి సరిగ్గా వాడి ముందు పడింది. బబ్లూ తన్నింది పాదంతో కూడా కాదు, మోకాలి కింది ఎముకకు తగిలి ఎటో పోవలసిన బంతి పోస్టుకు రాసుకుంటూ లోపలికి పోయింది. చూడముచ్చటైన గోలేమీ కాదు. జట్టు గెలవడానికి సరిపోయింది.

స్టేజీ మీద రాజేందర్ కోపమంతా మాయమైంది. ఎదురుగా కెమెరాలున్నాయి కదా. యావ్ మెడలో దండవేసి, పక్కన నిలబెట్టుకొని, మైకు అతని నోటి దగ్గర పెట్టాడు. "మన బ్రెజిల్ పులి బ్రెజిల్ భాషల రెండు ముక్కలు మాట్లాడతడు!"

యావ్ మైకు చేతిలోకి తీసుకున్నాడు. జనంలో పరశురాం ఎక్కడున్నాడో ఒకసారి చూసుకున్నాడు.

"అందరికి నమస్తే" అన్నాడు, శంకరమ్మ వంటింట్లో నేర్చుకున్న తెలుగులో. "నా పేరు యావ్. మా శంకరమ్మ యాదగిరి అంటది. గది గూడ మంచిగుంది. నాది బ్రెజిల్ కాదు. నాది ఘనా. నేను గోల్ కొట్టేటోన్ని కాదు, ఆపేటోన్ని. ఇయ్యాల ఆపిన."

 ముందు బబ్లూ ఈల వేశాడు, అది విని గ్రౌండంతా ఈలలేసింది. నిన్న బూతులు తిట్టినవాళ్లే 'యాదన్నా' అని అరిచారు. రాజేందర్ సిగ్గుతో తల దించుకుంటాడని పరశురాం చూశాడు. ఇంత వయసొచ్చినా మనుషుల గురించి ఆయనకు ఇంకా కొంత అమాయకత్వం మిగిలి ఉంది. రాజేందర్ మైకు లాక్కున్నాడు. "సూసిన్రా! ఘనాకెల్లి నేనే తోలుకొచ్చిన! తెలుగు గూడ నేనే నేర్పిచ్చిన!" అన్నాడు. ఎమ్మెల్యే చప్పట్లు కొట్టాడు.

పరశురాం నేల మీద ఉమ్మి, గేటు వైపు నడిచాడు.

మర్నాడు భానుతేజ ఫోన్ చేశాడు. కొత్త కోచ్ వస్తున్నాడట, సార్ చెప్పమన్నాడట. యాదగిరిని కూడా లాడ్జి గది ఖాళీ చెయ్యమన్నాడట. గోల్ కొట్టని ఫారినర్ ఎందుకన్నాడట. "మీ సారుకు నోరు పడిపోయిందా, నీతోని చెప్పిస్తుండు?" అని అడిగి, జవాబు వినకుండా పెట్టేశాడు పరశురాం. ఆ మధ్యాహ్నమే లాడ్జికి పోయి యావ్ బ్యాగు తనే భుజానికి తగిలించుకొని ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో మంచం వేశారు. మనిషి పొడుగుకు మంచం చాలక కాళ్లు బయటికి వేలాడితే, శంకరమ్మ ఒక పీట తెచ్చి ఆనించింది.

ఒక వారం గడిచాక విశ్వనాథ్ ఇంటికొచ్చాడు. ఓడిన కోచ్ ముఖం కాదు అతనిది. "నా పోరగాన్ని గీత దాకా నడిపిచ్చుకపోయి బంతి గుంజుకుండు చూడు, అరే, నిద్ర పడ్తలేదు నాకు" అన్నాడు. షిల్లాంగ్‌లో తనకు తెలిసిన క్లబ్బుకు సెంటర్ హాఫ్ కావాలట. మ్యాచ్ వీడియో పంపాడట. వాళ్లకు గోల్స్ కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆపేవాడే లేడట.

యావ్ షిల్లాంగ్ పోయాడు. జెర్సీ మీద అతని పేరు సరిగ్గా రాశారు, క్లబ్బు వాళ్లు అచ్చువేసిన కాగితంలో ఘనా అని రాశారు. అది చూసి అతను ఫోటో తీసి పంపితే, శంకరమ్మ ఇంగ్లీషు చదవలేకపోయినా చాలాసేపు చూసింది.

రాజేందర్‌కు టికెట్ రాలేదు. కబడ్డీ పోటీలు పెట్టించిన వేరొకడికి పోయింది. దాంతో ఫుట్‌బాల్ మీద అతని ప్రేమ ఆవిరైంది, జట్టు మూతపడింది. ఇక ఆ గ్రౌండు ఖాళీగా పడి ఉండటం చూసి స్కూలు ప్రిన్సిపాలే పరశురాంకు కబురు పెట్టింది, పొద్దున పూట మా ఆడపిల్లలకు నేర్పిస్తారా అని. ఆయన వెళ్లాడు. ఈ కాలం ఆడపిల్లలకు కూడా బంతి ఆపడం రాదని మొదటి రోజే ఇంటికొచ్చి తిట్టాడు. రెండో రోజు ఇంకా పొద్దున్నే పోయాడు.

మొన్న ఒక ఆదివారం ఇరానీ హోటల్లో బబ్లూ ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి షిల్లాంగ్ మ్యాచ్ పెట్టాడు. అక్కడ వాన. యావ్ ఒక బంతిని అంచనా వేయడంలో పొరబడ్డాడు, ఎదుటివాళ్లు గోల్ కొట్టేశారు. మ్యాచ్ అయిపోగానే పరశురాం ఫోన్ కలిపాడు. హలో అననివ్వలేదు.

"ఎవని పెండ్లి చూస్తున్నవ్ రా గాడ? బంతి చూడాలె గానీ మనిషిని చూస్తవా? ముప్పై ఏండ్లు దాటినయి, గింత గూడ తెల్వదా? ఔ, వాన వడుతుంది. వాన ఆనికి వడలేదా?"

హోటల్లో వాళ్లందరూ వింటున్నారు. అటువైపు యావ్ పగలబడి నవ్వుతున్నాడు. నవ్వు ఆగేదాకా ఓపిక పట్టి, పరశురాం మళ్లీ మొదటి నుంచి తిట్టడం మొదలుపెట్టాడు.